టైరు రబ్బరుతో ఇంటి పైకప్పు: వడగళ్ల ఊళ్లలో ఉన్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు చాలామంది సొంత ఇళ్లు కొనుక్కున్నారు. ఎండాకాలం మొదలవుతోందంటే అక్కడ వడగళ్ల టెన్షన్ మొదలవుతుంది. ఒక్క రాత్రి వానకి వీధిలో సగం ఇళ్ల రూఫులు మార్చాల్సి వస్తుంది. మర్నాడు పొద్దున్నే తలుపు తట్టే రూఫర్లలో కొందరు ఈ మధ్య "రీసైకిల్డ్ రబ్బరు షింగిల్స్ వేయించుకోండి" అంటున్నారు. షింగిల్స్ అంటే వాలు కప్పు మీద వరసలుగా పరిచి మేకులు కొట్టే పలకలు. వాటి గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. మన ఊళ్లలో డాబాల గురించీ రేకుల ఇళ్ల గురించీ అడిగేవాళ్లకు చివర్లో జవాబు చెప్పాను.

రబ్బరు షింగిల్ అంటే పాత టైర్లను కోసి పరిచేస్తారా?

కాదు. టైరును ముందు పెద్ద యంత్రాల్లో ముక్కలు చేస్తారు. అందులోని ఉక్కు తీగలను అయస్కాంతాలతో లాగేస్తారు, నైలాన్ లాంటి పోగులను గాలితో వేరు చేస్తారు. మిగిలిన రబ్బరును పొడి కొడతారు. దీనికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి మామూలు వేడిలోనే నూరడం. రెండోది ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి, గాజులా పెళుసెక్కిన తర్వాత పగలగొట్టడం. వచ్చిన పొడికి బైండరు, అంటే అతికించే పదార్థం కలిపి, అచ్చుల్లో పోసి, వేడితో ఒత్తిడితో షింగిల్ ఆకారానికి తెస్తారు. చూడటానికి పలకరాయి లాగానో, దేవదారు చెక్క పలకల లాగానో ఉంటుంది.

బైండరు ఎందుకని అడుగుతారు. టైరు రబ్బరును గంధకంతో కలిపి వేడి చేసి గట్టిపరుస్తారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజేషన్ అదే. ఉడికిన ఇడ్లీని మళ్లీ పిండిగా మార్చలేనట్టే, అలా గట్టిపడిన రబ్బరును మళ్లీ కరిగించి పోత పోయలేం. అందుకే పొడి చేసి అతికించాల్సి వస్తుంది. షింగిల్ మన్నిక సగం ఆ అతుకు మీదే ఆధారపడి ఉంటుంది. ఒక కంపెనీ షింగిల్‌కీ ఇంకో కంపెనీ షింగిల్‌కీ అంత తేడా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

మా రూఫర్ "రబ్బర్ రూఫ్" అన్నాడు. అది ఇదేనా?

ముందు ఆ మాట తేల్చుకోండి. అమెరికాలో "రబ్బర్ రూఫ్" అంటే ఎక్కువమంది ఉద్దేశం ఈపీడీఎం షీటు. అది కొత్త సింథటిక్ రబ్బరుతో చేసిన పెద్ద షీటు. గోదాములు, షాపుల మీది చదునైన కప్పులకు దాన్ని వేస్తారు. టైర్లకూ దానికీ సంబంధం లేదు. మనం మాట్లాడుకుంటున్నది వాలు కప్పు మీద ఒక్కొక్కటిగా మేకులు కొట్టి వేసే షింగిల్స్ గురించి. కొటేషన్‌లో "రబ్బర్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి. కంపెనీ పేరు, ఆ రకం పేరు కూడా రాయించుకోండి.

ఒక ఇంటికి ఎన్ని టైర్లు పడతాయి?

ఒక్కో కంపెనీ ఒక్కో లెక్క చెబుతుంది కాబట్టి మనమే వేసుకుందాం. పైకప్పు 2,500 చదరపు అడుగులు అనుకోండి. ఈ షింగిల్స్ చదరపు అడుగుకు సుమారు 1.2 కిలోలు ఉంటాయనుకుంటే మొత్తం బరువు 3,000 కిలోలు. అందులో 70 శాతం టైరు పొడి అనుకుంటే 2,100 కిలోలు. వాడేసిన కారు టైరు దాదాపు 9 కిలోలు తూగుతుంది. ఉక్కు, పోగులు తీసేస్తే 6 కిలోల వరకు రబ్బరు వస్తుంది. అంటే సుమారు 350 టైర్లు. లారీ టైర్ల పొడి వాడితే సంఖ్య బాగా తగ్గుతుంది. "మీ ఇంటితో వెయ్యి టైర్లను కాపాడారు" అని ఎవరైనా అంటే కప్పు ఎంత పెద్దదో, పొడి ఎంత శాతమో అడగండి.

వడగళ్లకు నిజంగా తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. ఈ పదార్థానికి ఉన్న అసలు బలం అదే. మామూలు ఆస్ఫాల్ట్ (తారు) షింగిల్ మీద పెద్ద వడగల్లు పడితే పైనున్న రాతి రవ్వ రాలిపోతుంది, లోపలి ఫైబర్‌గ్లాస్ చాప చిట్లుతుంది. ఆ చిట్లు కింద నుంచి కనిపించదు. ఏడాదికో రెండేళ్లకో సీలింగ్ మీద తడి మరక కనిపించినప్పుడు తెలుస్తుంది. రబ్బరు అయితే దెబ్బకు లోపలికి వంగి మళ్లీ పైకి లేస్తుంది.

దీన్ని కొలవడానికి యూఎల్ 2218 అనే పరీక్ష ఉంది. అందులో అన్నిటికన్నా పై మెట్టు క్లాస్ 4. రెండు అంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకే చోట రెండుసార్లు వదులుతారు. షింగిల్ వెనక వైపు చీలిక కనిపించకూడదు. మంచి రబ్బరు షింగిల్స్ ఈ పరీక్ష సులువుగానే దాటుతాయి.

అయితే ఈ పరీక్షకు రెండు పరిమితులున్నాయి. ఉక్కు గుండు వేరు, మంచు గడ్డ వేరు. అందుకే సౌత్ కరొలైనాలో పెద్ద పరిశోధన కేంద్రం నడుపుతున్న ఐబీహెచ్‌ఎస్ అనే సంస్థ, వడగళ్ల లాంటి మంచు గుండ్లు తయారుచేసి వాటితో ఆస్ఫాల్ట్ షింగిల్స్‌ను పరీక్షిస్తోంది. ఇక రెండోది, పరీక్ష చేసేది కొత్త షింగిల్ మీద. పదేళ్ల ఎండ తిన్న షింగిల్ ఎలా ఉంటుందో ఆ సర్టిఫికెట్ చెప్పదు. కాబట్టి మీ ఊళ్లోనే పదేళ్ల కిందట వేసిన ఇల్లు ఒకటి చూపించమని అడగండి. నాకు తెలిసి దీన్ని మించిన పరీక్ష లేదు.

కెనడాలో ఈ షింగిల్స్ ఎక్కువగా కనిపిస్తాయెందుకు?

ఆల్బర్టా రాష్ట్రాన్ని చూస్తే తెలుస్తుంది. అక్కడ 1992 నుంచీ టైరు రీసైక్లింగ్ కార్యక్రమం నడుస్తోంది. కొత్త టైరు కొన్నప్పుడు కట్టే రుసుముతో పాత టైర్లను సేకరించి పొడి కొట్టిస్తారు. అంటే ముడిసరుకు ఊళ్లోనే దొరుకుతుంది. మరోపక్క అదే రాష్ట్రంలోని కాల్గరీ వడగళ్లకు పేరుపడ్డ నగరం. 2020 జూన్ 13న కురిసిన వడగళ్ల వానకు ఇన్సూరెన్స్ నష్టమే 100 కోట్ల కెనడా డాలర్లు దాటింది. 2024 ఆగస్టు 5న కురిసింది అంతకన్నా ఎక్కువ నష్టం తెచ్చింది. టైరు పొడీ వడగళ్లూ రెండూ ఉన్నచోట ఈ పరిశ్రమ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. పైగా టైరు రబ్బరు మైనస్ 30 డిగ్రీల చలిలో కూడా పెళుసుబారదు. ప్లాస్టిక్ షింగిల్స్‌లో అన్నిటికీ ఆ గుణం ఉండదు.

క్లాస్ 4 రూఫ్ వేయిస్తే ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గుతుందా?

టెక్సస్‌లో చాలా కంపెనీలు తగ్గిస్తాయి. ఎంత తగ్గుతుందనేది కంపెనీని బట్టి, మీ జిల్లాను బట్టి మారుతుంది. అందుకే రూఫర్ చెప్పే శాతాన్ని నమ్మకండి. మీ ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. తగ్గింపు కావాలంటే, వేసిన షింగిల్ ఏ క్లాసుదో తెలిపే ఫారం మీద రూఫర్ సంతకం చేసి ఇవ్వాలి. పని అయిపోయాక అతను ఫోన్ ఎత్తకపోతే ఆ సంతకం కోసం తిరగాల్సి వస్తుంది. ఆఖరి చెక్కు ఇచ్చేముందే ఫారం తీసుకోండి.

ఇంకో సంగతి చాలామంది చూసుకోరు. తగ్గింపు ఇచ్చేటప్పుడు కొన్ని కంపెనీలు "కాస్మెటిక్ డ్యామేజ్" మినహాయింపు మీద సంతకం పెట్టించుకుంటాయి. కప్పు కారనంత వరకు, సొట్టలు మచ్చలు పడితే డబ్బు ఇవ్వరన్నమాట. లోహపు రూఫు వేయించుకున్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. రబ్బరు మీద సొట్ట నిలవదు కాబట్టి అంత బాధ ఉండదు. అయినా ఆ కాగితం చదవకుండా సంతకం చేయొద్దు.

"మీ డిడక్టిబుల్ మేమే సర్దుబాటు చేస్తాం" అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

వద్దు. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి అది చట్టవిరుద్ధం. డిడక్టిబుల్ అంటే క్లెయిములో ఇన్సూరెన్స్ ఇవ్వకుండా మీ వాటాగా వదిలే మొత్తం. అది ఇంటి యజమానే కట్టాలి. కట్టినట్టు రుజువు చూపమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగవచ్చు. గాలి, వడగళ్ల డిడక్టిబుల్ అక్కడ సాధారణంగా ఇంటి బీమా మొత్తంలో 1 లేదా 2 శాతం ఉంటుంది. 5 లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటికి 2 శాతమంటే 10,000 డాలర్లు. అంత మొత్తం మాఫీ చేస్తానన్నవాడు దాన్ని ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడు. బిల్లు పెంచుతాడు, లేకపోతే షింగిల్స్ కింద వేయాల్సిన పొర మానేస్తాడు. ఆ రాష్ట్రంలో రూఫర్లకు రాష్ట్ర లైసెన్సు అనేదే లేదు. మనవాడే కదా, గుడిలో పరిచయమే కదా అని మొహమాటపడితే నష్టపోయేది మీరే.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఒప్పుకోకపోతే?

టెక్సస్ ప్రాపర్టీ కోడ్‌లో 202.011 సెక్షన్ మీకు అండగా ఉంది. గాలికీ వడగళ్లకూ తట్టుకునేలా చేసిన షింగిల్స్‌ను హెచ్‌ఓఏ కాదనడానికి వీల్లేదు. కానీ అవి చూడటానికి ఆ కాలనీలో అనుమతించిన షింగిల్స్‌లాగే ఉండాలి, వాటికన్నా మన్నికగా ఉండాలి, చుట్టుపక్కల ఇళ్లతో కలిసిపోవాలి. నమూనా ముక్క, రంగుల కార్డు, యూఎల్ సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు పెట్టండి. పని మొదలెట్టడం అనుమతి చేతికొచ్చాకే.

ఖర్చు ఎంత?

మామూలు ఆస్ఫాల్ట్ షింగిల్‌తో పోలిస్తే సాధారణంగా రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అసలైన పలకరాయి కన్నా తక్కువే. బరువులోనూ పలకరాయి కన్నా చాలా తేలిక కాబట్టి కప్పు దూలాలను బలపరిచే ఖర్చు సాధారణంగా ఉండదు.

ఆ ఇంట్లో మీరు ఇంకో ఐదేళ్లు కూడా ఉండరనుకుంటే ఈ ఖర్చు మీకు తిరిగి రావడం కష్టం. అలాంటివాళ్లకు క్లాస్ 4 ఆస్ఫాల్ట్ షింగిల్ చాలు. మనవాళ్లు ఉద్యోగాన్నిబట్టి ఊళ్లు మారతారు కదా, అందుకే ఇది విడిగా చెబుతున్నాను. పిల్లల చదువు అయ్యేదాకా ఇక్కడే ఉంటామని నిశ్చయించుకున్నవాళ్లయితే లెక్క వేరేగా వస్తుంది. ప్రతి ఆరేడేళ్లకోసారి డిడక్టిబుల్ కట్టుకుంటూ, క్లెయిముల వెంట తిరుగుతూ ఉండే బాధ తప్పుతుంది.

50 ఏళ్ల వారంటీ అంటున్నారు. నమ్మొచ్చా?

ఈ షింగిల్స్ బజారులోకి వచ్చి 50 ఏళ్లు కాలేదు. కాబట్టి 50 ఏళ్లు నిలిచిన కప్పును ఎవరూ చూపించలేరు. తొలి రోజుల్లో వచ్చిన రబ్బరు, ప్లాస్టిక్ షింగిల్స్‌లో కొన్ని అంచులు పైకి లేచి వంకర్లు తిరిగాయి, కొన్ని ఎండకు బిరుసెక్కాయి. చేసిన కంపెనీ మూతపడితే వారంటీ కాగితానికి విలువ ఉండదు. పదార్థానికి మాత్రమేనా, కూలి కూడా కలిపా? ఏటా విలువ తగ్గించుకుంటూ పోతారా? ఇల్లు అమ్మితే కొన్నవాళ్లకు బదిలీ అవుతుందా? ఈ మూడూ తేల్చుకోండి. వారంటీ ఎన్నేళ్లన్నది వీటి తర్వాతి మాట.

వంకర్లు పోవడానికి షింగిల్ ఒక్కటే కారణం కాదు, వేసిన తీరు కూడా కారణమే. రబ్బరు ఎండకు బాగా సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పక్కపక్క షింగిల్స్ మధ్య కంపెనీ చెప్పినంత సందు వదలాలి. మేకును మరీ లోతుకు దిగ్గొట్టకూడదు. ఆస్ఫాల్ట్ వేసే అలవాటుతో వేసుకుపోతే రెండు వేసవుల్లో తేడా బయటపడుతుంది. కప్పు వాలు కూడా చూడాలి. 12 అడుగుల అడ్డానికి కనీసం 3 అడుగుల ఎత్తు ఉండాలని తయారీదారులు సాధారణంగా అడుగుతారు.

నల్లటి రబ్బరు కదా, ఇల్లు వేడెక్కదా?

కప్పు పైభాగం వేడెక్కుతుంది. టైరులో కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి కలిపి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రబ్బరును కాపాడేది అదే. కాబట్టి నలుపు లోపలి నుంచే వస్తుంది, తెల్ల షింగిల్ దొరకదు. పైన రంగు వేసినవి కూడా కాలక్రమంలో బూడిద రంగుకు తిరుగుతాయి. ముదురు రంగు ఆస్ఫాల్ట్ కప్పుతో పోలిస్తే పెద్ద తేడా ఉండదు. టెక్సస్‌లో ఏసీ బిల్లు తగ్గాలంటే అటిక్‌లో (కప్పుకూ సీలింగుకూ మధ్య ఖాళీలో) ఇన్సులేషన్ మందం పెంచండి, గాలి ఆడే దారులు సరిచూసుకోండి. షింగిల్ మార్పు కన్నా వాటి ఫలితమే ఎక్కువ.

నిప్పంటుకుంటే?

రబ్బరు మండుతుంది, దట్టమైన నల్ల పొగ వస్తుంది. ఈ విషయం దాచకుండా చెప్పే రూఫర్‌ని నమ్మొచ్చు. నిప్పుకు తట్టుకునే శక్తిని ఏ, బీ, సీ అని మూడు తరగతులుగా కొలుస్తారు, ఏ అన్నిటికన్నా మేలు. చాలా రబ్బరు షింగిల్స్ వాటంతటవి సీ తరగతివే. కింద ప్రత్యేకమైన ఫైబర్‌గ్లాస్ పొర వేస్తేనే ఏ తరగతికి చేరతాయి. ఖర్చు తగ్గించడానికి ఆ పొర మానేస్తే ఇల్లు సీ తరగతిలోనే ఉండిపోతుంది. కార్చిచ్చు ప్రమాదమున్న కాలిఫోర్నియా కొండ ప్రాంతాల్లో ఉంటే ఈ షింగిల్స్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వాసన వస్తుందా?

కొత్తలో వస్తుంది, టైర్ల దుకాణంలో వచ్చే వాసనే. ఎండ బాగా తగిలితే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ముందే ఒక నమూనా షింగిల్ తెచ్చి కిటికీ దగ్గర కొన్ని రోజులు పెట్టి చూడండి.

కప్పు మీది వాన నీళ్లు పట్టి వాడుకోవచ్చా?

తాగడానికి, వంటకు వద్దు. టైరు రబ్బరులో జింకు, రకరకాల రసాయనాలు ఉంటాయి. రబ్బరు పగుళ్లు బారకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాలిలోని ఓజోన్‌తో కలిసి ఇంకో పదార్థంగా మారుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో వాన పడ్డప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు వాగుల్లో చనిపోవడానికి కారణం రోడ్ల మీది టైరు అరుగుదల నుంచి వచ్చిన ఆ పదార్థమేనని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. రోడ్డు మీది ధూళి వేరు, అచ్చుపోసిన షింగిల్ వేరు, నిజమే. కానీ రబ్బరు ఒకటే. కూరగాయల మడికి, చేపల తొట్టికి ఆ నీళ్లు నేనైతే వాడను. పచ్చికకు పరవాలేదు.

సోలార్ ప్యానెళ్లు బిగించవచ్చా?

బిగించవచ్చు. కానీ ఏ రకం క్లాంపులు, ఫ్లాషింగులు (రంధ్రాల చుట్టూ నీళ్లు దిగకుండా వేసే రేకులు) వాడాలో షింగిల్ కంపెనీ నుంచి రాతలో తీసుకోండి. సోలార్ వాళ్లు సొంత పద్ధతిలో రంధ్రాలు వేస్తే వారంటీ పోవచ్చు.

హైదరాబాద్‌లో మా అమ్మానాన్నల డాబా బాగా కాలిపోతోంది. రబ్బరు టైల్స్ పరిపిస్తే చల్లబడుతుందా?

పరిపించకండి. జిమ్ముల్లో, పిల్లల పార్కుల్లో వేసే రబ్బరు టైల్స్ నేల కోసం చేసినవి, నీళ్లను ఆపలేవు. వాటి కింద తడి నిలిచి స్లాబు పాడవుతుంది. పైగా నలుపు రంగు మే నెల ఎండను తాగేస్తుంది. నల్లటి కప్పు మీద పడ్డ ఎండలో 5 నుంచి 10 శాతమే వెనక్కి పోతుంది, కొత్తగా తెల్ల కూల్ పెయింట్ వేసిన కప్పు అయితే 70 శాతానికి పైగా వెనక్కి పంపేస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లటి కప్పులు ఉండాలన్నది లక్ష్యం. ముందు పగుళ్లు పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, దాని మీద తెల్ల కూల్ పెయింట్ వేయించండి. లేదా పగిలిన తెల్ల పింగాణీ ముక్కలు పరిపించండి. మన స్లాబులకు సరిపడేవి అవే. వడగళ్ల ఊళ్లో చెక్క చట్రం మీది వాలు కప్పుకు పనికొచ్చేది మన ఎండలో మన స్లాబుకు పనికిరాదు.

మా ఊళ్లో రేకుల ఇంటి మీద పాత టైర్లు పెడతారు. మంచిదేనా?

కోస్తాలో తుఫాను గాలికి రేకులు ఎగిరిపోకుండా అలా పెడతారు. చిన్న గాలికి ఆగుతాయేమో గానీ పెద్ద తుఫానులో ఆ టైరు కూడా ఎగిరి పక్కింటి మీద పడుతుంది. రేకులను జే హుక్కులతో, వాషర్లతో దూలాలకు బిగించడమే సరైన పద్ధతి. టైరులో నిలిచిన వాన నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. తప్పనిసరి అయితే టైరుకు కింద వైపు నాలుగు చోట్ల రంధ్రాలు పెట్టండి, నీళ్లు కారిపోతాయి.

మన దేశంలో పాత టైర్లన్నీ ఏమవుతున్నాయి? వాటితో రూఫింగ్ ఎందుకు చేయరు?

2022 జూలైలో కేంద్రం కొత్త నిబంధన తెచ్చింది. టైర్లు తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీలే పాత టైర్ల రీసైక్లింగ్‌కు బాధ్యత వహించాలి. 2022-23లో 35 శాతంతో మొదలుపెట్టి, 2024-25కి 100 శాతం చేశారు, అంటే రెండేళ్ల కిందట తయారుచేసినన్ని టైర్లకు సమానంగా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో దీని లెక్కలు నడుస్తాయి. పాత టైర్లను పైరాలిసిస్ కోసం విదేశాల నుంచి తెచ్చుకోవడం కూడా నిషేధించారు. గాలి తగలకుండా టైర్లను వేడి చేసి నూనె తీసే పనే పైరాలిసిస్. సరిగ్గా నడపని యూనిట్ల చుట్టుపక్కల ఊళ్లు మసితో, వాసనతో పడే బాధ చిన్నది కాదు. నాకు కోపం తెప్పించే విషయం అదే.

టైరు పొడి మన దగ్గర కూడా తయారవుతోంది. అది ఎక్కువగా తారులో కలిసి రోడ్లలోకి, ఇంకా చాపల్లోకి, టైల్స్‌లోకి పోతోంది. వాలు చెక్క కప్పులు లేని చోట షింగిల్ ఎవరు కొంటారు? మన పొడి మన రోడ్లలోకి పోవడమే సరైన వాడకం అంటాను.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు రూఫర్‌ని ఏమడగాలి?

రబ్బరు షింగిల్స్ ఇంతకు ముందు ఎన్ని ఇళ్లకు వేశాడో, వాటిలో రెండింటి అడ్రసులు ఇవ్వగలడో అడగండి. వెళ్లి దక్షిణం, పడమర వైపు వాలు చూడండి, ఎక్కువ ఎండ తగిలేది అక్కడే. అంచులు లేచాయా, రంగు మచ్చలు మచ్చలుగా పోయిందా గమనించండి. కింద వేసే పొర పేరు, నిప్పు తరగతి, షింగిల్ క్లాస్ కాంట్రాక్టులో రాయించండి. పని జరిగేటప్పుడు ఒక రోజైనా ఇంట్లో ఉండి, ఆ పొర వేస్తుండగా ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. షింగిల్స్ కట్టల మీద లేబుల్ ఫోటో కూడా తీయండి. ఇన్సూరెన్స్ తగ్గింపుకి, వారంటీకి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఇన్‌స్పెక్టరుకి చూపించడానికి అవి పనికొస్తాయి. మిగిలిపోయిన షింగిల్స్ ఒక కట్ట గరాజ్‌లో దాచుకోండి. పదేళ్ల తర్వాత ఒక ముక్క మార్చాల్సి వస్తే ఆ రకం బజారులో దొరక్కపోవచ్చు.